వంద రూపాయల కోత

తమిళ పేపర్లో మనం ‘మానియక్ కోరిక్కై’ అని చదివేదే తెలుగులో ‘పద్దు’. ఒక్కో శాఖ ఏడాది ఖర్చుకి శాసనసభను అడిగే డబ్బన్నమాట. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం సభ దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. అందుకే తన ఊరికి నీళ్లు రావట్లేదని నిలదీయాలనుకున్న సభ్యురాలు కూడా ఆ పద్దులో వంద రూపాయలు తగ్గించమని కోత తీర్మానం ఇస్తుంది! వంద కోసం కాదు, మంత్రి లేచి జవాబు చెప్పాలని. తీర్మానం ఎలాగూ వీగిపోతుంది, లేదా తనే వెనక్కి తీసుకుంటుంది. జవాబు మాత్రం రికార్డుల్లో ఉండిపోతుంది.

చర్చకిచ్చిన రోజులు అయిపోతే మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకి పెట్టేస్తారు. దీని పేరు గిలెటిన్. మన స్కాలర్‌షిప్పులుండే పద్దు ఆ గుంపులో పడితే దాని గురించి ఒక్కరూ మాట్లాడరు, నాకైతే ఇదే బాధ. ఆ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు. 204వ అధికరణం కింద అది పాసయ్యేదాకా, పద్దులు గెలిచినా సంచిత నిధిలోంచి రూపాయి తీయకూడదు.