సికిల్ సెల్ బిడ్డను ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

సికిల్ సెల్ జబ్బులో గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి, సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. అందువల్ల తీవ్రమైన నొప్పి వస్తుంది. మన ఏజెన్సీ గిరిజన కుటుంబాలలో ఈ జబ్బు ఎక్కువ.

నొప్పి వస్తే నీళ్ళు బాగా తాగించండి. చలి తగలనివ్వకండి. డాక్టరుగారు చెప్పిన మాత్ర వేయండి. అయితే ఈ క్రింది గుర్తులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు:

1. 101 డిగ్రీలు దాటిన జ్వరం. వీరిలో ప్లీహం దెబ్బతింటుంది గనుక క్రిములు త్వరగా రక్తంలో వ్యాపిస్తాయి.
2. ఛాతీనొప్పి, ఆయాసం.
3. ఎడమ డొక్కలో బల్ల పెరిగి, బిడ్డ ఒక్కసారిగా పాలిపోవడం. రక్తం ప్లీహంలో నిలిచిపోతే కొన్ని గంటల్లోనే ప్రాణాపాయం.
4. మూతి వంకరపోవడం, కాలు చేయి పడిపోవడం.
5. మాత్రలకు తగ్గని నొప్పి.

ఆసుపత్రిలో సెలైను, ఆక్సిజన్, యాంటీబయాటిక్ మందులు, అవసరమైతే రక్తం ఇస్తారు. ప్రార్థన దారిలో కూడా చేసుకోవచ్చు. ముందు 108కి ఫోన్ చేయండి. దేవుడు మీ బిడ్డను కాపాడును గాక!