కురుసడై దీవిలో పగడాలూ మడచెట్లూ

తెలుగులో పగడం అంటే మనకు ముందు గుర్తొచ్చేది నగే. మా అవ్వ తాళిగొలుసులో నల్లపూసల మధ్య ఉండే ఎర్రపూస, నవరత్నాల్లో కుజుడికి చెప్పే రాయి. తమిళంలో పవళం అన్నా అంతే. అయితే నగల్లో వాడే ఆ ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చింది. మన్నార్ సింధుశాఖలో ఉండే పగడాలు వేరే జాతివి, వాటితో ఎవరూ పూసలు చెయ్యరు. ఇది తెలియకుండా వెళ్తే గోధుమరంగు బండలు చూసి వచ్చామనిపిస్తుంది. అందుకే ముందే చెప్తున్నా.

రామేశ్వరం దగ్గరినుంచి తూత్తుకుడి దాకా తీరం వెంబడి 21 దీవులు వరసగా ఉన్నాయి. వాటినీ చుట్టూ ఉన్న నీళ్ళనీ కలిపి 560 చదరపు కిలోమీటర్లను 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1989లో ఇంకా పెద్దగా, 10,500 చదరపు కిలోమీటర్ల జీవావరణ మండలం వచ్చింది. దీవుల్లోకి మన ఇష్టానికి పోకూడదు. కురుసడైకి మాత్రం పాంబన్ పక్కన కుందుకాల్ నుంచి అటవీశాఖ పడవలో తీసుకుపోతారు. 1897లో వివేకానందుడు విదేశాల నుంచి తిరిగొచ్చి దిగింది కూడా ఈ కుందుకాల్‌లోనే. ఆయన స్మారక మందిరం ఒడ్డునే ఉంది.

నీళ్ళు తేటగా ఉన్నచోట పడవ నిదానిస్తే అడుగున కొన్ని మెదడులాగా ముడతలు పడి, కొన్ని జింక కొమ్ముల్లాగా కొమ్మలు వేసి కనిపించాయి. మా పిన్ని "చెట్లా, రాళ్ళా?" అని అడిగింది. రెండూ కాదు, జంతువులు! ఒక్కోటి మిల్లీమీటర్లలో ఉండే చిన్న ప్రాణి. అది నీళ్ళలోని సున్నాన్ని తీసుకుని తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. అలాంటివి వేలకొద్దీ కలిసి ఉంటాయి. గూళ్ళమీద గూళ్ళు పెరిగి దిబ్బ అవుతుంది. ఆ ప్రాణి ఒంట్లోనే కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండతో అన్నం వండి పెట్టేది ఆ నాచే, రంగు ఇచ్చేదీ అదే. సముద్రం మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అట్లాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది, తెల్లబడిపోతుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే బతుకుతుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998, 2010, 2016లో ఇక్కడ ఇట్లా జరిగింది.

దీవి అంచున మడచెట్లున్నాయి. మడ అంటే యానాం, కోరంగి వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తమిళంలో దీన్ని అలయాత్తి అంటారు, అలను శాంతపరిచేది అని అర్థం చెప్తారు. తెలుగు మాటకన్నా ఇదే నాకు నచ్చింది, చెట్టు చేసే పని పేరులోనే ఉంది కదా. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచినవి దాని ఊపిరివేళ్ళు. ఆ వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. మట్టి కలవని నీళ్ళలోనే పగడానికి వెలుతురు అందుతుంది. చేపపిల్లలు వేళ్ళ మధ్య పెరిగి, పెద్దయ్యాక దిబ్బలవైపు పోతాయి. అందుకే ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని కాపాడటం కుదరదు.

21 దీవులని లెక్క చెప్తారు గానీ, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అనే రెండు ఇప్పుడు నీళ్ళ కిందున్నాయి. ఏళ్ళ తరబడి పగడపు దిబ్బల్ని రాళ్ళనుకుని తవ్వి, సున్నం కాల్చడానికీ కట్టడాలకూ బండ్లకెత్తారు. అడ్డు పోయాక అలలు దీవిని కోసేశాయి. 2001లో పగడాల్ని వన్యప్రాణి చట్టంలో మొదటి జాబితాకెక్కించారు. అంటే చట్టం దృష్టిలో ఇప్పుడు పులి ఎంతో పగడమూ అంతే.

చట్టం అవసరమే, నాకు అనుమానం లేదు. అయితే దాని బరువు అందరిమీదా ఒకేలా పడలేదు. పాంబన్ దగ్గర చిన్నపాలం అని ఊరుంది. మన చెవికి చిన్నపాలెంలాగా వినిపిస్తుంది గానీ పాలం అంటే వంతెన. అక్కడి ఆడవాళ్ళు తరాలుగా ఈ దీవుల చుట్టూ మునిగి, అగర్ తయారీకి పనికొచ్చే సముద్రపు పాసి కోస్తారు. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగుతారు. ఉద్యానవనం హద్దులు వచ్చాక తాతలనాటి చోటే వాళ్ళకు నిషిద్ధమైంది. వాళ్ళే కూర్చుని నెలకు 12 రోజులే కొయ్యాలనీ, అప్పట్లో చేపలవేట నిషేధమున్న 45 రోజులూ ఆపాలనీ కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ సంఘాలను నడిపిన లక్ష్మి అనే ఆమెకు 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. ఇంకోవైపు, సాగు కోసం బయటినుంచి తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు కురుసడై పగడాలమీదికి పాకి వాటిని కప్పేస్తోందని 2008లోనే శాస్త్రజ్ఞులు రాశారు. ఆ నాచును తెచ్చినవాళ్ళు ఈ ఆడవాళ్ళు కాదు.

పాంబన్ ఒడ్డున పాసి ఆరబెడుతున్న ఒక అక్కను తమిళంలో అడిగాను, పగడం తొక్కితే ఏమవుతుందని. "కాలు తెగుతుందమ్మా. మేమెందుకు తొక్కుతాం?" అని, పాసిని తిరగేస్తూ ఉండిపోయింది.