కొన్న మనిషిని ఏం చేయాలి?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్‌ఫైండర్ లాంటి ఆటల్లో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు. వాళ్లలో ఒకరు డీఎం. కథ నడిపేది, ఆ లోకంలోని మిగతా జనమంతటి తరఫునా మాట్లాడేది ఆ ఒక్కరే. కత్తి తగిలిందా, తాళం ఊడిందా అన్నది పాచికలు చెబుతాయి. ఆ లోకంలో బానిసత్వం చట్టబద్ధమైతే ఏం చేయాలో మాత్రం ఆడేవాళ్లే తేల్చుకోవాలి. అందుకే ఈ సంచికలో చోటంతా ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఆటలో నాది పాలడిన్ పాత్ర, అంటే న్యాయం కోసం దేవుడి ముందు ప్రమాణం చేసిన యోధుడు. కిందటి సెషన్‌లో మేం వెళ్లిన నగరంలో బానిసల సంత చట్టప్రకారమే నడుస్తోంది. వేలంలో ఒక పిల్లవాడిని 40 బంగారు నాణేలకు పాడుకుని, అక్కడే సంకెళ్లు తీయించాను. "నువ్విచ్చిన డబ్బుతో వాడు రేపు ఇంకో ఇద్దర్ని తెస్తాడు" అని దొంగ పాత్ర వేసే మా రోగ్ గొడవ. కత్తి దూసి ఉంటే చట్టం మీరినట్టయ్యేదని, నా శక్తులు పోయేవని మా డీఎం అంటున్నాడు. నేను చేసింది తప్పా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పు కాదండీ. మీ రోగ్ చెప్పిందీ అబద్ధం కాదు.

మీ తగువు 1846లో నిజంగానే జరిగింది. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, తప్పించుకుని, గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ అప్పుడు బ్రిటన్‌లో ఉన్నారు. 1845లో ఆత్మకథ అచ్చయ్యాక ఆయనెవరో, ఎవరి దగ్గర్నుంచి పారిపోయారో అందరికీ తెలిసిపోయింది. స్వదేశంలో ఉంటే పట్టుకుపోతారన్న భయం. బ్రిటన్‌లోని స్నేహితులు చందాలు పోగుచేసి, యజమానికి 150 పౌండ్లు కట్టి, విడుదల పత్రం రాయించారు. దాని మీద బానిసత్వ వ్యతిరేకుల్లోనే కొందరు మండిపడ్డారు. డబ్బు కట్టారంటే మనిషి మీద యజమానికి హక్కుందని ఒప్పుకున్నట్టేనని వాళ్ల వాదన. డగ్లస్ ఆ కొనుగోలును సమర్థించారు. 1847లో అమెరికా తిరిగొచ్చి, ఆ ఏడాదే రోచెస్టర్‌లో నార్త్ స్టార్ పత్రిక మొదలుపెట్టి, అదే బానిసత్వం మీద పోరాడారు.

ఒక మనిషిని ఈ పూట విడిపించడం ఒక పని. సంతను మూయించడం ఇంకో పని. మీరు మొదటిది చేశారు. మీ రోగ్ కోపమంతా రెండోదాని మీద పెట్టమనండి. ఆ వ్యాపారికి మనుషులు ఏ రేవు నుంచి వస్తున్నారు? పెట్టుబడి ఏ షావుకారు పెడుతున్నాడు? వేలం మీద నగరానికి పన్ను ఎంత? ఇవన్నీ ఆరా తీయడానికి రోగ్‌ని మించినవాళ్లెవరు?

ఇక మీ ప్రమాణం. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌లో పాలడిన్ నియమావళి ఉంది. సక్రమమైన అధికారాన్ని గౌరవించాలి, అమాయకులకు హాని చేసేవాళ్లను శిక్షించాలి అని రెండూ అందులోనే రాశారు. బానిసల సంత ఉన్న ఊళ్లో ఈ రెండూ కలిసి నిలబడవు. 2014 నాటి ఐదో ఎడిషన్ పాలడిన్ కచ్చితంగా 'లాఫుల్ గుడ్', అంటే చట్టానికి కట్టుబడే మంచివాడు, అయి ఉండాలన్న షరతు పెట్టలేదు. రకరకాల ప్రమాణాలు పెట్టి, ఏది ఎంచుకుంటారో ఆటగాడికే వదిలేసింది. కాబట్టి శక్తులు పోతాయన్నది మీ డీఎం సొంత తీర్పు. నన్నడిగితే, పిల్లవాడి సంకెళ్లు తెంచిన భక్తుణ్ణి శిక్షించే దేవుణ్ణి న్యాయదేవత అనడానికి నాకు మనసొప్పదు. ఏం చేస్తే ప్రమాణం తప్పినట్టో సెషన్ మొదలవకముందే స్పష్టంగా చెప్పమని మీ డీఎంను అడగండి. కొన్నా పాపమే, కొట్టినా పాపమే అంటే దాన్ని ధర్మసందేహం అనరు. ఆటగాణ్ణి మూలకు నెట్టడం అంటారు.

ఇంకొక మాట, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. మీరు ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో ఆ పిల్లవాడి పేరు లేదు. వేలంపాట ధర ఉంది, మీ ప్రమాణం ఉంది, రోగ్ కోపం ఉంది. వాడికి అమ్మ ఎక్కడుంది? సంతలో వాడితోపాటు నిలబడ్డ వాళ్లలో వాడి అక్క ఉందా? మీతో రావాలనుందా, మీరంటే భయమేస్తోందా? వచ్చే సెషన్‌లో మొదటి అరగంట ఇవి అడగడానికే పెట్టుకోండి. వాడు చెప్పే జవాబు మీకు నచ్చకపోవచ్చు. అయినా వినండి.

సంకెళ్లు తీసినంత మాత్రాన అలాంటి నగరంలో వాడు క్షేమం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా పుట్టి పెరిగిన సాలమన్ నార్తప్‌ను 1841లో వాషింగ్టన్‌లో ఎత్తుకుపోయి అమ్మేశారు. ఆయన బయటపడేసరికి 1853 వచ్చింది. కాబట్టి విడుదల పత్రం, దాని మీద ముద్ర, సాక్షులు, కచేరీలో ఒక నకలు సంపాదించండి. ఆ గుమాస్తా లంచం అడిగితే మీ పాలడిన్ ఏం చేస్తాడో చూడాలని నాకూ ఉంది.

ప్రశ్న: సార్/మేడమ్, నేను డీఎంని. బానిసల సంత పెట్టిన ప్రతిసారీ మా వాళ్లు కాపలావాళ్లను నరికేసి, పంజరాలు తెరిచేసి వెళ్లిపోతున్నారు. గంటలో అయిపోతోంది. చట్టం ఉందన్న బరువు తెలియాలని విడిపించినవాళ్లందర్నీ మళ్లీ పట్టించాను. ఆటగాళ్లు అలిగారు. ఎలా నడపాలి?
- ఒక డీఎం, విజయవాడ

జవాబు: వాళ్లు అలగడం న్యాయమే. మంచి చేసినప్పుడల్లా మీరు దాన్ని రద్దు చేస్తే, ఇక్కడ దేనికీ ఫలితం ఉండదని వాళ్లకు అర్థమవుతుంది. తర్వాతి సంత ముందు నుంచి తల దించుకుని వెళ్లిపోతారు.

చట్టం బరువును కత్తి పట్టిన కాపలావాడి చేతిలో పెట్టకండి. కాగితంలో పెట్టండి. 1850లో అమెరికా చేసిన పారిపోయిన బానిసల చట్టం చూడండి. పట్టుబడ్డ మనిషి యజమానికి చెందినవాడని తేలిస్తే విచారణ జరిపే కమిషనర్‌కు 10 డాలర్ల ఫీజు, కాదని తేలిస్తే 5. ఎవరి గురించి విచారణో ఆ మనిషి సాక్ష్యం చెల్లదు. దారిన పోయేవాళ్లను కూడా పట్టుకోవడానికి సాయం రమ్మని ఆజ్ఞాపించవచ్చు. ఆశ్రయమిచ్చినవాళ్లకు 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఈ నాలుగు అంశాలు మీ నగరంలో పెట్టి చూడండి. మీ పార్టీ, అంటే మీ ఆటగాళ్ల జట్టు, ఎవరిని నరుకుతుంది? ఫీజు తీసుకునే ముసలి అధికారినా? భయపడి తలుపు వేసుకున్న రొట్టెల కొట్టు ఆవిడనా? అక్కడ పోరాటం వేరే దారులు వెతుక్కోవాల్సిందే.

ఆ దారులెలా ఉంటాయో నిజంగా నడిచినవాళ్ల దగ్గర చూడండి. 1848 డిసెంబర్‌లో జార్జియాలోని మేకన్ పట్టణం నుంచి ఎలెన్ క్రాఫ్ట్, విలియం క్రాఫ్ట్ అనే భార్యాభర్తలు బయల్దేరారు. ఇద్దరూ బానిసలే. ఎలెన్ తెల్లగా ఉండేది. జుట్టు కత్తిరించుకుని, మగ దుస్తులు వేసుకుని, ఆరోగ్యం బాగాలేని తెల్లదొరగా మారింది. భర్త ఆమె వెంట నౌకరుగా నడిచాడు. హోటళ్లలో, ఓడల్లో పేరు రాసి సంతకం పెట్టమంటారు, ఆమెకు రాయడం రాదు. అందుకని కుడిచేతిని మెడకు కట్టు కట్టి వేలాడదీసుకుంది. గడ్డం లేని ముఖం, ఆడగొంతు తెలియకుండా దవడకు గుడ్డ కట్టుకుంది, కళ్లకు రంగు అద్దాలు పెట్టుకుంది. రైళ్లలో, ఓడల్లో పై తరగతి టికెట్లతో యజమానుల మధ్యనే కూర్చుని ప్రయాణం చేసి, క్రిస్మస్ నాటికి ఫిలడెల్ఫియా చేరారు.

ఒక్క కత్తిపోటు లేదు. ఆ సంతకం దగ్గర మీ ఆటగాళ్లు ఎంత ఉక్కిరిబిక్కిరవుతారో ఊహించండి. పైగా ఆ ఆలోచన చేసిందెవరు? బయటినుంచి గుర్రమెక్కి వచ్చిన వీరుడెవరూ కాదు, క్రాఫ్ట్ దంపతులే. మీ పంజరాల్లో ఉన్నవాళ్లకూ అలాంటి బుర్ర ఇవ్వండి. మీ పార్టీ వచ్చేసరికే అక్కడొక పథకం నడుస్తుండాలి. వాళ్లకు కావలసింది ఒక దొంగ ముద్రో, ఒక నమ్మకమైన పడవో అయి ఉండాలి. అది గెలిచేలా దారి ఉంచండి.

ప్రశ్న: మా గ్రూపులో ఒకతను బానిసను కొని సామాన్లు మోయిస్తానంటాడు. "ఆ దేశంలో చట్టమే కదా, నా క్యారెక్టర్ అలాగే చేస్తాడు" అని వాదన. మిగతా ముగ్గురికీ ఇష్టం లేదు. ఆపితే ఆటస్వేచ్ఛ కాదంటాడు.
- విశాఖపట్నం

జవాబు: ఆపండి. ఆ క్యారెక్టర్‌ను రాసింది అతనే, వేరేలా రాయగలిగేదీ అతనే. ముగ్గురు స్నేహితుల మనసు చివుక్కుమనిపించేలా ఆడి నెపం పాత్ర మీద వేయడం నాకు సమ్మతం కాదు. యజమానులు, వ్యాపారులు కథలో ఉండాలి. వాళ్ల పాత్రలు డీఎం చేతిలో ఉండనివ్వండి.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ జిల్లా, ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం. ఆఫీసు వాళ్లతో ఆట ఆడుతున్నా. మా అమ్మమ్మ చిన్నప్పుడు దొర గడిలో వెట్టి చేసింది. ముసలితనంలో కూడా ఎవరన్నా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి లేచి నిలబడేది. మా డీఎం బానిసలకు వంకర గొంతు పెట్టి నవ్విస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేను మాట్లాడలేక కెమెరా ఆపేసి కూర్చున్నా. ఆటే కదా, నేనే ఎక్కువ చేస్తున్నానా?

జవాబు: లేదు చెల్లీ. నువ్వేమీ ఎక్కువ చేయడం లేదు. మీ అమ్మమ్మ అలా లేచి నిలబడటం చూసినదానివి, ఆ గొంతు విని నవ్వలేవు. నవ్వాల్సిన అవసరమూ లేదు.

ముందు ఒకటి తెలుసుకో. నీకు నచ్చనిదాన్ని ఆపడానికి మీ ఇంటి కథ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ ఆటలు ఆడేవాళ్లలోనే దీనికి పద్ధతులు పుట్టాయి. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన 'ఎక్స్ కార్డ్' అలాంటిదే. బల్ల మీద ఇంటూ గుర్తున్న కార్డు ఒకటి ఉంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో ఆగుతుంది, కారణం ఎవరూ అడగరు. ఆన్‌లైన్ ఆటలో చాట్‌లో ఒక అక్షరం టైప్ చేస్తే చాలు. 'లైన్స్ అండ్ వీల్స్' ఇంకో పద్ధతి. కథలో అసలే రాకూడనివి గీతకు అవతల ఉంటాయి. కథలో జరిగినా వర్ణించకుండా దాటేసేవి తెర వెనక ఉంటాయి. 2020లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం ఒకటి ఇలాంటి హద్దులు ఆట మొదలవకముందే, 'సెషన్ జీరో'లో మాట్లాడుకోమని చెప్పింది. మీరు చేసుకోలేదేమో. మధ్యలో చేసుకున్నా తప్పులేదు.

డీఎంకు విడిగా ఒక మెసేజ్ పెట్టు. "ఆ గొంతులు నాకు చాలా ఇబ్బందిగా ఉన్నాయి, వచ్చేసారి నుంచి వద్దు, హద్దుల గురించి అందరం పది నిమిషాలు మాట్లాడుకుందాం" అంటే సరిపోతుంది. అతను మంచివాడైతే ఆ రోజే మానేస్తాడు. వాదనకు దిగితే ఆ గ్రూపు వదిలెయ్. ఆటలో బానిసత్వం ఉండటం వేరు, బానిసలను చూసి నవ్వడం వేరు. జూలియా బాండ్ ఎలింగ్‌బో 2007లో 'స్టీల్ అవే జోర్డన్' అనే ఆట రాసింది. అందులో ఆటగాళ్లే అమెరికాలోని బానిసల పాత్రలు వేస్తారు. ఎప్పుడైనా ఈ విషయం మీదే, నీ ఇష్టంతో, నువ్వు నమ్మే మనుషులతో ఆడాలనిపిస్తే అలాంటి దారి ఒకటుందని గుర్తుంచుకో. అనిపించకపోయినా ఏం కాదు.

ప్రశ్న: అమ్మా, బడిలో పదమూడేళ్ల పిల్లలకు ఈ ఆట నేర్పిస్తున్నాను. పుస్తకాల్లో బానిస రాజ్యాలు వస్తున్నాయి. తీసేయాలా?
- ఒక ఉపాధ్యాయిని, వరంగల్

జవాబు: తీసేయొచ్చు, కథకు లోటేమీ రాదు. పాత్‌ఫైండర్ ప్రచురణకర్తలు పైజో కూడా ఇకపై తమ పుస్తకాల్లో బానిసత్వాన్ని పక్కన పెడతామని 2021లో చెప్పారు. 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్లు హడోజీ అనే కోతిరూపు జాతి పుట్టుకలోకి బానిసత్వం తెచ్చి, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పి ఆ భాగం తొలగించారు. పిల్లలే అడిగితే మాత్రం దాటవేయకండి. ఆ పూట పాచికలు పక్కన పెట్టి చరిత్ర చెప్పండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పార్టీ రెండేళ్లు ఆడి చివరికి రాజును చంపి, బానిసత్వం రద్దు చేస్తూ శాసనం వేయించింది. డీఎం కథ ముగించేద్దామంటున్నాడు. నాకెందుకో సగంలో ఉన్నట్టుంది.
- బెంగళూరు

జవాబు: సగంలోనే ఉన్నారు. మీ డీఎంకు 1991లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ల 'డార్క్ సన్' లోకం తెలిసే ఉంటుంది. అందులో టిర్ నగరపు మాంత్రికరాజు కాలక్ చనిపోయాక బానిసలను విడుదల చేస్తున్నట్టు కొత్త రాజు ప్రకటిస్తాడు. అసలు చిక్కులు అక్కడే మొదలవుతాయి.

చరిత్రలోనూ అంతే. బ్రిటన్ 1833లో రద్దు చట్టం చేసి 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. ఆ సొమ్మంతా యజమానులకు వెళ్లింది, బానిసలకు దమ్మిడీ దక్కలేదు. పైగా 'అప్రెంటిస్‌లు' అని పేరు మార్చి, వాళ్లచేత పాత యజమానుల దగ్గరే కొన్నేళ్లు జీతం లేకుండా చేయించారు. మారిషస్ చెరకు తోటలకు కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నుంచి ఒప్పంద కూలీల ఓడలు కదిలాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు. మన దగ్గర రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించినా, 1976లో వెట్టి నిర్మూలనకు విడిగా చట్టం చేయాల్సి వచ్చింది.

కాబట్టి మీ డీఎంను ఇవి అడగండి. శాసనం వచ్చిన మర్నాడు ఆ రాజ్యపు గనుల్లోకి ఎవరు దిగుతారు, ఎంత కూలికి? భూమి ఎవరి పేరున ఉంది? యజమానులు పరిహారం కోసం దర్బారులో అర్జీ పెడితే ఎవరు సంతకం చేస్తారు? విడుదలైనవాళ్లలోంచి ఒకరు లేచి, మీ పార్టీ ఇక ఊరు వదిలి వెళ్లాలని, మిగతాది తామే చూసుకుంటామని అంటే మీరేం చేస్తారు? వచ్చే సెషన్‌ను ఈ చివరి ప్రశ్నతోనే మొదలుపెట్టమనండి.