సెయింట్ మేరీస్ దీవిలో ఒక రోజు

చదువు కోసమో, ఉద్యోగం కోసమో, చేపల రేవులో పని కోసమో ఉడుపికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒక రోజు సేదదీరడానికి దూరప్రయాణం అక్కరలేదు. మల్పె తీరంలో పడవ ఎక్కితే సుమారు అరగంటలో సెయింట్ మేరీస్ దీవి చేరుకోవచ్చు. కొబ్బరిచెట్ల నీడ, గవ్వలు పరచిన ఒడ్డు, స్తంభాల వలె నిలిచిన శిలలు, నలువైపులా అరేబియా సముద్రం అక్కడ కనువిందు చేస్తాయి. అయితే ఆ దీవిలో ఊరు లేదు, రాత్రి బస లేదు. అక్కడ మన వేళను నిర్ణయించేది సముద్రమే. దీవిని తెలిసి చూడటం, అక్కడి హెచ్చరికలను చదివి గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

1. దీవి పరిచయం

సెయింట్ మేరీస్ అన్నది ఒక దీవి పేరు కాదు, చిన్న దీవుల వరుస పేరు. సందర్శకులు దిగేది వాటిలో కొబ్బరి దీవి అని పేరుపడిన దానిలో. 1498లో పోర్చుగీసు నావికుడు వాస్కో డ గామా ఇక్కడ దిగి, మేరీమాత పేరు పెట్టాడని ప్రతీతి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఈ దీవులను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

2. శిలాస్తంభాల కథ

ఇక్కడి స్తంభాలను ఎవరూ చెక్కలేదు. సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి పొంగిన లావా చల్లారి ఈ శిలగా మారింది. మడగాస్కర్ భూభాగం భారతదేశం నుండి విడిపోయిన ఘట్టంతో ఈ లావాకు సంబంధం ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబుతారు.

వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగున ఒండ్రు నెర్రెలు విచ్చడం మనం ఎరిగినదే. తడి పోయి ఒండ్రు కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు పగుళ్లు ఏర్పడతాయి. లావాలో జరిగినదీ ఇటువంటిదే. అక్కడ పోయినది తడి కాదు, వేడి. పైభాగం ముందుగా చల్లారి పగిలింది. చల్లదనం లోపలికి దిగిన కొద్దీ పగుళ్లూ లోతుకు దిగాయి. పగుళ్లు మూడేసి చొప్పున కలుసుకోవడం వల్ల ఎక్కువ స్తంభాలకు ఆరు పలకలు ఏర్పడ్డాయి. అయిదు, ఏడు పలకలవీ కనిపిస్తాయి. పిల్లల చేత లెక్కపెట్టించండి. ఆ గంట పాఠశాలలోని పాఠం కన్న ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఇంత కాలం నిలిచిన శిలపై పేర్లు చెక్కడం తగదు. గవ్వలనూ ఒడ్డుననే ఉండనివ్వండి.

3. సముద్రపు తీరు

పోటు, ఆటు రోజుకు దాదాపు రెండేసి సార్లు వస్తాయి. వాటి వేళ ఒక్కొక్క రోజుకు సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. పౌర్ణమి, అమావాస్యల ప్రాంతంలో పోటు అధికం. ఉదయం పొడిగా ఉన్న బండ మధ్యాహ్నానికి అలల తాకిడిలో ఉండవచ్చు. నాచు పట్టిన తడిబండపై కాలు జారితే పడేది రాళ్ల మధ్యనే. కాబట్టి ఛాయాచిత్రాల కోసం అంచు బండలపైకి వెళ్లరాదు.

ఒడ్డు నుండి లోపలికి లాగే ప్రవాహం మరొక ప్రమాదం. ఇరుపక్కలా అలలు విరుగుతుండగా నడుమ నీరు నిలకడగా కనిపించి, నురుగు సముద్రంవైపు సాగుతుంటే అక్కడ ఆ ప్రవాహం ఉన్నదని అనుమానించాలి. ప్రశాంతంగా ఉన్నదని పిల్లలను దింపేది తరచుగా అక్కడే. అందులో చిక్కితే ఎదురీదరాదు. నీటిపై తేలుతూ, చేయి ఎత్తి సహాయం కోరుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

4. హెచ్చరిక పలకలలోని కన్నడం

కన్నడ లిపి మన లిపికి దగ్గరిది. కొద్ది సాధనతో చదవవచ్చు. అపాయ, సముద్ర వంటి మాటలు వెంటనే అర్థమవుతాయి. పోలిక లేని మాటలను ముందుగా నేర్చుకోవాలి.

ఎచ్చరికె: హెచ్చరిక
ఆళ: లోతు
ఉబ్బర, ఇళిత: పోటు, ఆటు
నీరిగె ఇళియబేడి: నీటిలోకి దిగవద్దు
ఈజబేడి: ఈదవద్దు
కొనెయ దోణి: చివరి పడవ
కాపాడి: కాపాడండి

మాట చివర “బేడి” ఉంటే “వద్దు” అని అర్థం. ఆ రెండక్షరాలను గమనించకపోతే నిషేధం అనుమతిగా తోస్తుంది.

5. ప్రయాణ సన్నాహం

నైరుతి ఋతుపవనాల కాలంలో, అంటే సుమారు జూన్ నుండి సెప్టెంబరు వరకు, దీవికి పడవలు నడవవు. మిగిలిన నెలల్లోనూ గాలి, అల చూచే పడవ కదులుతుంది. బయలుదేరే ముందే తిరుగు పడవల వేళ, ముఖ్యంగా చివరి పడవ వేళ, అడిగి తెలుసుకోండి. పడవలో ప్రాణరక్షక కవచాన్ని పెద్దలు కూడా ధరించాలి. తాగునీరు, టోపీ, జారని చెప్పులు వెంట ఉండాలి. ఎండకు రాళ్లు కాలుతాయి కనుక వృద్ధులతో వెళ్లేవారు ఉదయపు పడవను ఎంచుకోవడం మేలు. తీసుకువెళ్లిన ప్రతి సీసా, ప్రతి సంచి మీతోనే తిరిగిరావాలి. దీవిలో పారవేసినది చివరకు చేరేది సముద్రంలోకే.

ఆపదలో 112కు, సముద్రంలో ప్రమాదం జరిగితే తీరరక్షక దళం నంబరు 1554కు ఫోన్ చేయాలి.

సేదదీరడమంటే జాగ్రత్తను ఇంట వదలివెళ్లడం కాదు. ఎవరి బాధ్యత ఏమిటో ముందే పంచుకుంటే అందరికీ నిశ్చింత. పిల్లలు నీటి అంచున ఉన్నంతసేపు ఒక పెద్దవారి చూపు వారిపైననే ఉండాలి. ఆ సమయంలో వారి చేతిలో ఫోన్ ఉండరాదు. గంటకొకరు వంతు మారితే అందరూ కొంతసేపు కొబ్బరినీడలో నడుము వాల్చవచ్చు.

అభ్యాసం

1. చెరువు నెర్రెలకు, దీవి స్తంభాలకు పోలిక ఏమిటి? భేదం ఏమిటి?
2. అలలు విరగని చోట నీరు ఎందుకు ప్రమాదకరం కావచ్చు?
3. “ఈజబేడి” అన్న మాటలో నిషేధాన్ని తెలిపే భాగం ఏది?
4. మీ కుటుంబ విహారానికి గంటల వారీగా కాపలా వంతులు రాయండి.