పెట్టె మీది వాట్లు కాదు, లేబుల్ మీది ఆంపియర్లు చూడండి

డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునేటప్పుడు బడ్జెట్ దాటిందంటే మొదటి కోత ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మీదే పడుతుంది. ప్రాసెసర్ తగ్గించడానికి మనసొప్పదు. ర్యామ్ తగ్గిస్తే ఫొటోషాప్ ఈడుస్తుంది. మానిటర్ రోజంతా కళ్లెదుట ఉండేది. క్యాబినెట్‌లో ఓ మూలన ఉండే పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి వేసెయ్ అన్నా" అనేస్తాం. షాపతను ఏడెనిమిది వందల లోకల్ సరుకు బిగించి పంపిస్తాడు. ఆ మిషన్ మీదే ఒకరు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు, ఒకరు ట్యాలీలో నలుగురు వ్యాపారుల లెక్కలు రాస్తారు, ఒకరు ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టి ఇల్లు నడుపుతారు. వీళ్లకు కంప్యూటర్ ఆగిన రోజు సంపాదన లేనట్టే. అందుకే గట్టిగా చెబుతున్నాను: తగ్గించుకోవాల్సి వస్తే క్యాబినెట్ అద్దాల్లో, రంగు లైట్లలో తగ్గించుకోండి, పవర్ సప్లైలో వద్దు. అలాగని పదివేలు పోయాల్సిన పనీ లేదు.

ముందు అది చేసే పని తెలిస్తే షాపులో ఏం అడగాలో తెలుస్తుంది. గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును అది 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. మామూలు రంగు వైర్లున్న సప్లైలో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. ఒకప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్ ఎక్కువగా 5 వోల్టుల లైను మీద నడిచేది. ఇప్పుడు ప్రాసెసరైనా, గ్రాఫిక్స్ కార్డైనా దాదాపు మొత్తం బరువు 12 వోల్టుల లైను మీదే వేస్తాయి. చవక ఎస్‌ఎంపీఎస్‌ల మోసమంతా ఇక్కడే బయటపడుతుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 500 వాట్స్ అని ఉందనుకోండి. దాన్ని పక్కకు తిప్పితే చిన్న అక్షరాల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద 16 ఆంపియర్లు అని ఉందనుకుందాం. పన్నెండును పదహారుతో గుణిస్తే 192 వాట్లు. మీ ప్రాసెసర్‌కూ కార్డుకూ అందేది అంతే. మిగిలిన మూడు వందల వాట్లు ఇప్పటి కంప్యూటర్ పెద్దగా వాడని 5, 3.3 వోల్టుల లైన్ల పేరు మీద రాసి ఉంటాయి, లేదా పెట్టె మీద తప్ప ఎక్కడా ఉండవు. నిఖార్సైన 450 వాట్ల సప్లైలో అదే గడి కింద సుమారు 36 ఆంపియర్లు కనిపిస్తాయి, అంటే 432 వాట్లు. పెట్టె మీది అంకెకూ ఈ లెక్కకూ పెద్ద తేడా లేకపోతే తయారీదారు నిజం చెబుతున్నట్టు. అసలు పట్టికే లేకపోతే పెట్టెను అక్కడే పెట్టేసి రండి.

మరి ఎన్ని వాట్లు కావాలి? చాలామంది అనుకునేంత అక్కర్లేదు. కోర్ ఐ5-12400 ప్రాసెసర్ పూర్తి జోరు మీద 117 వాట్లు తీసుకుంటుంది. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకోండి. గ్రాఫిక్స్ కార్డు లేని డీటీపీ మిషను, ఆఫీసు మిషను 180 వాట్లు దాటడం అరుదు. వీడియో ఎడిటింగ్ కోసం 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డు వేసినా మొత్తం 340 దగ్గర ఆగుతుంది. ఆ కార్డుకు ఎన్‌విడియా సిఫారసు చేసేది 550 వాట్ల సప్లై. అందుకని కార్డు లేకపోతే మంచి 450, మధ్యరకం కార్డు ఉంటే మంచి 550 చాలు. పేరు తెలియని 750 కంటే పేరున్న 450 ఎన్నో రెట్లు మేలు.

ఇక 80 ప్లస్ స్టిక్కర్. 2004లో మొదలైన ఈ ధ్రువీకరణ చెప్పేది ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం పనికొస్తోంది, ఎంత వేడిగా పోతోంది అని. బ్రాంజ్ రకమైతే సగం లోడు మీద కనీసం 85 శాతం పనికొస్తుంది. దీన్ని మన బిల్లులోకి మార్చి చూద్దాం. మీ మిషను లోపల 150 వాట్లు వాడుతోందనుకోండి. 85 శాతం సప్లై అయితే గోడ నుంచి 176 వాట్లు లాగుతుంది. చవక రకం 65 శాతం దగ్గరుంటే 231 వాట్లు లాగుతుంది. తేడా 55 వాట్లు. రోజుకు పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే 165 యూనిట్లు. కమర్షియల్ మీటరు మీద యూనిట్ తొమ్మిది రూపాయలనుకుంటే ఏడాదికి దాదాపు 1,500. మంచి సప్లైకి అదనంగా పెట్టిన మూడు వేలు రెండేళ్లలో కరెంటు బిల్లులోనే తిరిగొస్తాయి. గోల్డ్, ప్లాటినమ్ దాకా వెళ్తే మాత్రం ఈ లెక్క మనలాంటి వాడకానికి కిట్టదు.

అయితే ఆ స్టిక్కర్ పొదుపు గురించే చెబుతుంది, మన్నిక గురించి కాదు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో రేకుల కప్పు కింద నడిచే డీటీపీ సెంటరును ఊహించుకోండి. లోపలుండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే 85 డిగ్రీల కెపాసిటర్లు కాకుండా 105 డిగ్రీలవి వాడినట్టు మోడల్ వివరాల్లో ఉందేమో చూడండి. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్ ప్రొటెక్షన్లు ఉన్నాయో లేదో కూడా చూడండి. ఇవి సరిగ్గా ఉన్న సప్లై చెడిపోయినా చాలావరకు తానొక్కటే పోతుంది. లేనిది పోతూ పోతూ మదర్‌బోర్డునూ, మూడేళ్ల ఫొటోలున్న హార్డ్‌డిస్కునూ వెంట తీసుకుపోవచ్చు.

మామూలు కొనుగోలుదారుకు ఇవన్నీ తేల్చుకోవడం కష్టం కాబట్టి నేను ముందు చూసేది వారంటీ. ఐదేళ్లు ఇస్తున్నారంటే లోపలి సరుకు మీద కంపెనీకి ధీమా ఉన్నట్టు. కోర్సెయిర్ సీఎక్స్, కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ బ్రాంజ్, డీప్‌కూల్ పీకే లాంటి వరుసలు ఈ కోవలోనివి. ధర అటూఇటూగా మూడున్నర వేల నుంచి ఐదు వేల మధ్య ఉంటుంది. అదే కంపెనీ కింది రకాల్లో వారంటీ తక్కువ ఉండొచ్చు. కాబట్టి బ్రాండు పేరు చూసి ఆగిపోకుండా మోడల్ పేరు పూర్తిగా చదవండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా రెండొందలు తగ్గిస్తానంటే ఐదేళ్ల వారంటీని రెండొందలకు అమ్ముకున్నట్టే. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో రీఫర్బిష్డ్ డెల్, హెచ్‌పీ మిషన్లు కొనేవాళ్లకు వేరే జాగ్రత్త కావాలి. వీటిలో చాలావాటికి మామూలు 24 పిన్నుల కనెక్టరు ఉండదు. ఆరో ఎనిమిదో పిన్నుల సొంత కనెక్టరు, సొంత ఆకారం ఉంటాయి. అది పోతే బయట దొరికే సప్లై నేరుగా పట్టదు. మిషన్ కొనే రోజే దాని ఎస్‌ఎంపీఎస్ విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుందని అడగండి.

యూపీఎస్ సంగతి కూడా కలిపే చూడాలి. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు కాదు, చాలావాటిలో అది 360 వాట్లే. మంచి సప్లైలలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. కొన్ని చవక యూపీఎస్‌లు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటుతో దానికి పడదు. కరెంటు పోగానే మిషను రీస్టార్ట్ అవుతుంటే తప్పు సప్లైది కాకపోవచ్చు. ఇంటి ఇన్వర్టరు అయితే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి మార్చండి. కొత్తగా కొంటుంటే ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి.

ఎర్తింగ్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. క్యాబినెట్ ఇనుము మీద వేలు ఆనిస్తే జివ్వుమంటోందా? సప్లై లోపలి ఫిల్టరు కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్ వైరులోకి వదులుతాయి. ఎర్తింగ్ లేకపోతే దానికి దారి లేక క్యాబినెట్ మీదే నిలుస్తుంది. దానికి కొత్త సప్లై కొనడం పరిష్కారం కాదు. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గులు, టూ పిన్ అడాప్టర్లు తీసేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి కొలిపించండి. 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు.

ఉన్న సప్లై చెడుతోందని గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. వర్డ్‌లో బాగానే నడిచి, వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ఆరిపోవడం, పొద్దున మొదటిసారి ఆన్ కాక రెండోసారి అవడం, కాలిన వాసన, ఇవన్నీ సూచనలే. పెద్ద పని నడుస్తుండగా పసుపు, నలుపు వైర్ల మధ్య 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు రావాలి. అలవాటున్న మెకానిక్‌తోనే కొలిపించండి. డబ్బా మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటరులో మూడు వందల వోల్టుల పైచిలుకు కొంతసేపు నిలిచి ఉంటుంది. విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ సప్లై మార్చేటప్పుడు పాత కేబుళ్లు కొత్తదానికి తగిలించొద్దు. పిన్ను పట్టినా లోపలి వైర్ల వరస కంపెనీకో తీరుగా ఉంటుంది. డిస్కులు కాలిపోతాయి.

ఈసారి షాపులో కొటేషన్ రాయించుకునేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా ఉత్త "450 వాట్స్" అని రాస్తే ఒప్పుకోకండి. కంపెనీ, పూర్తి మోడల్ పేరు, వారంటీ ఎన్నేళ్లో ఆ వరసలోనే రాయించుకుని, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.