కంటోన్మెంటు ఓటరు

సికింద్రాబాదులో పరేడ్ మైదానం దాటి ఉత్తరంగా సాగిపోయే బాటసారికి ఊరు మారిన సంగతి తెలియదు. అవే దుకాణాలు, అదే రద్దీ, అదే భాష. కొంతదూరం పోగానే ఒక గేటు, దాని ప్రక్కన కాపలా సిపాయి, రక్షణశాఖ భూమి అని తెలిపే పలక కనిపిస్తాయి. అక్కడ వీధిదీపం మొదలు మురుగుకాలువ వరకు చూడవలసినది నగరపాలక సంస్థ కాదు, కంటోన్మెంటు బోర్డు. బొల్లారం, తిరుమలగిరి, కార్ఖానా, బోయిన్‌పల్లి, పికెట్, రసూల్‌పురా మొదలైన పేటలలో 2011 జనాభా లెక్కల నాటికే రెండు లక్షలకు పైగా జనం నివసిస్తున్నారు. వీరి ఓటు కథ తక్కిన నగరవాసుల ఓటు కథ వంటిది కాదు.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకొన్న సైన్య సహకార సంధి ఫలితంగా ఆంగ్ల సేన హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన విడిది చేసింది. 1806లో సికందర్ జా పేరు మీదుగా ఆ విడిదికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. సేన వెంట వర్తకులు, వంటవారు, చర్మకారులు, బండ్లు తోలేవారు వచ్చి స్థిరపడ్డారు. దండు వారి కోసం ఊరు పుట్టింది గాని, ఊరి కోసం దండు రాలేదు. నేటి చిక్కులన్నింటికీ బీజం ఇక్కడే ఉంది. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలు ఏకమైనప్పుడు కంటోన్మెంటు వెలుపలనే ఉండిపోయింది. 2007లో చుట్టుప్రక్కల పన్నెండు పురపాలక సంఘాలను కలుపుకొని మహానగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు కూడా దీనిని ముట్టుకోలేదు. కనుక 2009, 2016, 2020 సంవత్సరాలలో జరిగిన మహానగర ఎన్నికలలో ఇక్కడి పౌరులకు ఓటు లేదు.

వారికి ఉన్నవి మూడు ఓట్లు. మొదటిది బోర్డు సభ్యునికి, రెండవది శాసనసభ్యునికి, మూడవది లోక్‌సభ సభ్యునికి. 1924 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2006 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం, యాభై వేలు మించిన జనాభా గల కంటోన్మెంటు బోర్డులో ప్రజలు ఎన్నుకొన్న సభ్యులు ఎనిమిది మంది. వారికి సరిసమానంగా అధికార సభ్యులు కూడా ఎనిమిది మందే. స్థానిక సైనికాధికారి అధ్యక్షుడు. ఎన్నికైనవారికి దక్కగల పెద్దపదవి ఉపాధ్యక్షత మాత్రమే. శాసనసభ్యుడు, లోక్‌సభ సభ్యుడు బోర్డు సమావేశాలకు ప్రత్యేక ఆహ్వానితులు. వారు మాట్లాడవచ్చు, ఓటు వేయరాదు. లక్షమందికి పైగా ఓటు వేయగా ఎన్నికైన శాసనసభ్యునికి, తన నియోజకవర్గంలోని రోడ్డు గురించి తీర్మానించే సభలో ఓటు లేకపోవడం విచిత్రమే.

ఈ పరిమితులు ఉన్నా సికింద్రాబాదు కంటోన్మెంటు శాసనసభ స్థానానికి పోటీ ఎన్నడూ తగ్గలేదు. షెడ్యూల్డు కులాలకు కేటాయింపబడిన ఈ స్థానంలో 1985లో తెలుగుదేశం పక్షాన సర్వే సత్యనారాయణ గెలుపొందారు. 1994 నుండి జి.సాయన్న శకం ఆరంభమయింది. 1994, 1999, 2004 ఎన్నికలలో ఆయన తెలుగుదేశం అభ్యర్థిగా వరుసగా నెగ్గారు. 2009లో కాంగ్రెసు అభ్యర్థి పి.శంకర్రావు గెలిచారు. 2014లో సాయన్న తిరిగి తెలుగుదేశం తరఫున గెలిచి, ఆ తరువాత తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, 2018లో ఆ పక్షాన ఐదవసారి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడిన కాంగ్రెసు అభ్యర్థి, 1985లో తెలుగుదేశం పక్షాన ఇక్కడ గెలిచిన సర్వే సత్యనారాయణే కావడం గమనార్హం. జెండాలు మారాయి గాని ఓటరుకు ముఖాలు పరిచితమైనవే. నియోజకవర్గాల పునర్విభజన అనంతరం 2009లో ఈ స్థానం కొత్తగా ఏర్పడిన మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలో భాగమయింది. మల్కాజిగిరికి తొలి లోక్‌సభ సభ్యుడు కూడా సర్వే సత్యనారాయణే.

ఇక బోర్డు ఓటు సంగతి వేరు. శాసనసభ జాబితాలో పేరున్న ప్రతివానికీ బోర్డు జాబితాలో పేరుండదు. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కంటోన్మెంటు వివాదంలో 2016లో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా కట్టిన, ఇంటి నంబరు లేని నివాసాలలో ఉండేవారు బోర్డు ఎన్నికలలో ఓటర్లు కాజాలరని తీర్పు చెప్పింది. ఆ తరువాత సికింద్రాబాదు బోర్డు జాబితా నుండి వేల పేర్లు తొలగిపోయాయి. రక్షణశాఖ భూమిలో తరాలుగా గుడిసె వేసుకొని ఉన్న కుటుంబం ఢిల్లీలో ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి అర్హమైనది, వీధి కుళాయి గురించి అడిగే సభ్యుని ఎన్నుకోవడానికి అనర్హమైనది. భూమిని ఆక్రమణ నుండి కాపాడవలసిన బాధ్యత సైన్యానికి ఉన్నమాట నిజమే. అయినా ఆ భారమంతా పేదవాని ఓటు మీద పడడం ఆలోచింపదగిన విషయం.

బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఐదేళ్ళ గడువు 2020లో తీరగా, ఆరేసి నెలల చొప్పున రెండు మారులు పొడిగించారు. 2021లో అదీ ముగిసింది. అప్పటి నుండి సైనికాధికారి, ముఖ్య కార్యనిర్వహణాధికారి, ప్రభుత్వం నియమించిన ఒక పౌర సభ్యుడు కలిసి పాలన సాగించారు. 2023 ఫిబ్రవరి 17న కేంద్రం దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఎన్నికలు ప్రకటించి, పోలింగు తేదీగా ఏప్రిల్ 30ని నిర్ణయించింది. సికింద్రాబాదు వార్డులలో సందడి మొదలయింది. సరిగ్గా నెల గడిచేసరికి, మార్చి 17న, ఆ ప్రకటన రద్దయింది.

ఈ నడుమ, ఫిబ్రవరి 19న, సాయన్న మరణించారు. సభ గడువు ఏడాదిలోపే ఉన్నందున ఉపఎన్నిక జరుగలేదు. ఆ విధంగా 2023 డిసెంబరు వరకు ఇక్కడి ప్రజలకు శాసనసభ్యుడూ లేడు, ఎన్నికైన బోర్డు సభ్యుడూ లేడు. నవంబరు 30న జరిగిన ఎన్నికలో సాయన్న కుమార్తె లాస్య నందిత భారత రాష్ట్ర సమితి పక్షాన 59,057 ఓట్లతో గెలిచారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి శ్రీగణేష్‌కు 41,888 ఓట్లు వచ్చాయి. ప్రజాగాయకుడు గద్దర్ కుమార్తె వెన్నెల కాంగ్రెసు తరఫున పోటీచేసి మూడవ స్థానంలో నిలిచారు. గద్దర్ ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. తండ్రులను కోల్పోయిన ఇద్దరు ఆడపిల్లలు ఒకే స్థానానికి పోటీపడిన ఎన్నిక అది.

లాస్య నందిత ఆ పదవిలో మూడు నెలలైనా నిండకుండానే, 2024 ఫిబ్రవరి 23న, కారు ప్రమాదంలో మరణించారు. మల్కాజిగిరి లోక్‌సభ సభ్యుడు ఎ.రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయి, 2023 డిసెంబరులోనే ఆ సభ్యత్వానికి రాజీనామా చేసి ఉన్నారు. కావున ఫిబ్రవరి 23 మొదలు జూన్ 4 వరకు, నూరు రోజులకు పైగా, కంటోన్మెంటు ఓటరు వేసిన మూడు ఓట్లలో దేనికీ ప్రతినిధి లేడు. కుళాయిలో నీరు రాకపోతే అర్జీ పట్టుకొని వెళ్ళడానికి కార్యాలయాలు ఉన్నాయి, అధికారులు ఉన్నారు. తాను ఎన్నుకొన్న మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

మే 13న లోక్‌సభ ఎన్నికతోపాటు ఉపఎన్నిక జరిగింది. ఈసారి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిన శ్రీగణేష్ 53,651 ఓట్లు పొంది, 13,206 ఓట్ల ఆధిక్యంతో గెలుపొందారు. భాజపా అభ్యర్థి వంశ తిలక్ రెండవ స్థానంలోను, లాస్య సోదరి నివేదిత మూడవ స్థానంలోను నిలిచారు. అదేనాటి పోలింగులో మల్కాజిగిరి లోక్‌సభ స్థానం భాజపా అభ్యర్థి ఈటల రాజేందర్‌కు దక్కింది.

2023లో హిమాచల్ ప్రదేశ్‌లోని యోల్ కంటోన్మెంటు నుండి పౌరప్రాంతాన్ని వేరుచేశారు. 2024లో రక్షణశాఖ, సికింద్రాబాదు సహా కొన్ని కంటోన్మెంట్ల పౌరప్రాంతాలను స్థానిక సంస్థలలో కలిపేందుకు మార్గదర్శకాలు వెలువరించింది. పౌర సౌకర్యాలకు ఉద్దేశించిన ఆస్తులు ఉచితంగా స్థానిక సంస్థలకు చెందుతాయని, బోర్డు అప్పులు కూడా వాటివెంటే వస్తాయని అందులో పేర్కొన్నారు. ఆస్తులకు, అప్పులకు అందులో చోటు ఉంది. బోర్డు జాబితా నుండి తొలగిన పేర్ల లెక్క వేరొక పుస్తకంలో ఉంది.