పిడికెడు అటుకులు - గృహస్థులకు ఒక పాఠము

శ్రీమద్భాగవతము దశమస్కంధమునందలి కుచేలోపాఖ్యానము తెలియని వైష్ణవ గృహముండదు. ద్వారకకు బయలుదేరిన భర్తచేత పంపుటకు ఇంట ఏమియు లేక, కుచేలుని ఇల్లాలు పొరుగిండ్లలో నాలుగు పిడికెళ్ళ అటుకులు యాచించి తెచ్చి, పాతగుడ్డలో మూటగట్టి ఇచ్చినది. శ్రీకృష్ణుడు ఒక పిడికెడు ఆరగించి, రెండవది నోట వేసికొనబోవగా రుక్మిణీదేవి చేయిపట్టి వారించినది. మిత్రుని సకల సంపదలకు ఆ ఒక్క పిడికెడే చాలునని ఆమె భావము.

ఇది భక్తిమహిమను తెలుపు కథ. అయినను ఇంటి చిరుతిండి విషయమున గూడ ఇందొక పాఠము గ్రహింపవచ్చును. తినునది సామాన్యమైనను శుచిగా నుండవలెను, మితముగా నుండవలెను, "చాలు" నని వారించు చేయి ఇంట నొకటి ఉండవలెను.

మన ఇండ్లలో చిరుతిండికి ఒక వేళయు, ఒక సందర్భమును ఉండెడివి. శ్రీరామనవమికి వడపప్పు, పానకము. శ్రావణమాసపు నోములలో వాయనమిచ్చు నానిన శనగలు. కృష్ణాష్టమికి అటుకులు, వెన్న. జంతికలు, అరిసెలు పండుగనాటివే గాని నిత్యము తినునవి కావు. నేడన్ననో ఉప్పు, నూనె, చక్కెర అధికముగా గల పొట్లపు తిండ్లు ప్రతిదినము చేతికందుచున్నవి. పిల్లలు సాయంకాలము వానితో కడుపు నింపుకొని రాత్రి అన్నము నొల్లకున్నారు.

పెద్దలు దినమునకు 5 గ్రాములకు తక్కువగా ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆహారములో చేర్చుకొను చక్కెర వలన వచ్చు శక్తి, మొత్తము శక్తిలో 10 శాతమునకు తక్కువగా నుండవలెనని 2015లో ఆ సంస్థయే సూచించినది. 2000 కేలరీల ఆహారము తినువారికి ఇది 50 గ్రాములు. 300 మిల్లీలీటర్ల కోలా పానీయమునందే సుమారు 30 గ్రాముల చక్కెర ఉండును. బెల్లము, తేనెయు ఈ లెక్కలోనివే.

వీనికి బదులుగా తగినవి మన వంటింటనే గలవు. 100 గ్రాముల ఎండు శనగలలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, వానితోపాటు పీచుపదార్థము ఉండును. రాత్రి నానవేసి, మరునాడు ఉడికించి, కొద్ది నూనెతో తాలింపు వేసి కొబ్బరికోరు చల్లిన గుగ్గిళ్ళు పిల్లలకును, పెద్దలకును మంచి ఉపాహారము. పెసలు, అలసందలు, మజ్జిగలో కలిపిన అటుకులు, జామ, అరటి మొదలగు ఫలములు అట్టివే. గట్టి గింజలు గొంతున అడ్డుపడు ప్రమాదమున్నందున, పసిపిల్లలకు వానిని మెత్తగా చిదిపి పెట్టవలెను.

అలవాటు మార్చుటకు మందలింపు కంటె ఏర్పాటు మేలు. పండ్లపళ్ళెము కంటికి కనబడుచోట నుండవలెను. పొట్లములు ఇంటికి తెచ్చుట తగ్గింపవలెను. సాయంకాలము ఒక వేళ నియమించి, స్వామికి నివేదించి, ఎవరి గిన్నెలో వారికి వడ్డింపవలెను. నివేదన కాకముందు రుచిచూడరాదను నియమము పిల్లలకు నిగ్రహమును నేర్పును. పంచుకొని తినుట మితమును నేర్పును.

ప్రసాదమే గదా యని మితిమీరుటయు తగదు. నివేదించినంతమాత్రమున చక్కెర తన గుణమును విడువదు. మధుమేహము గలవారు కనుల కద్దుకొని, కణిక మాత్రము స్వీకరించి, తక్కినది ఇతరులకు పంచిన అది లోపము గాదు. ప్రసాదఫలము పరిమాణమునందు లేదు.

కుచేలుడు తెచ్చినది నాలుగు పిడికెళ్ళు; స్వామి ఆరగించినది ఒక్క పిడికెడు. ఆ ఒక్కదానితోనే ఆయన తృప్తుడైనాడు. ఈ మర్మమెరిగిన గృహమున పిల్లలు ఆరోగ్యవంతులై, పెద్దలు దీర్ఘాయుష్మంతులై, భగవత్సేవకు తగిన దేహబలము గలవారగుదురు గాక!